కెరటాల్లో మొనగాళ్లు: 1.7 సెంటీమీటర్ల నుంచి 524 మీటర్ల దాకా

బళ్లారి గాంధీనగర్ నుంచి ఏ దిక్కుకు గీత గీసినా సముద్రం 250 కిలోమీటర్లకు పైనే. అయినా సెలవులొస్తే చాలు, గోకర్ణం, మురుడేశ్వరం, విశాఖ ప్రయాణాల మాట ఇక్కడి ఇళ్లలో మొదలవుతుంది. ఒడ్డున పాదాలు తడిపే ఆ అలకు ఎత్తుంది, వేగముంది, పుట్టిన చోటుంది. అన్నింటికీ కొలతలున్నాయి. కొలతలున్న చోట రికార్డులూ ఉన్నాయి. నిండుగా ఎదిగిన తాటిచెట్టు ఎత్తు 20 మీటర్లనుకుని, దాన్నే కొలబద్దగా పట్టుకుని బయల్దేరుదాం.

అన్నింటికన్నా ఎత్తు

1958 జులై 9. అలాస్కాలోని లిటుయా బే. భూకంపం ధాటికి కొండచరియ విరిగింది. సుమారు 3 కోట్ల ఘనపు మీటర్ల రాయి ఇరుకైన సముద్రపాయలో పడింది. ఎదుటి గట్టు మీదికి నీళ్లు 524 మీటర్ల ఎత్తు దాకా ఎగబాకాయి. అంటే 26 తాటిచెట్లు ఒకదాని మీద ఒకటి! బళ్లారి నగరమే సముద్రమట్టానికి 500 మీటర్ల లోపు ఎత్తులో ఉంది. అంత పైకి పాకిన నీరు దారిలో ఉన్న అడవిని వేళ్లతో సహా ఊడ్చుకుపోయింది.

అన్నింటికన్నా బుల్లి

చెరువు మీద పిల్లగాలి వీచినప్పుడు కనిపించే సన్నటి ముడతలే ప్రపంచంలోకెల్లా చిన్న అలలు. ఒక శిఖరం నుంచి మరో శిఖరానికి దూరం 1.7 సెంటీమీటర్లు దాటదు. వీటిని వెనక్కి లాగి చదును చేసేది నీటి తలతన్యత. ఆ హద్దు దాటిందంటే పగ్గాలు గురుత్వాకర్షణ చేతికి వెళ్తాయి. మహాసముద్రాల్లో గాలి లేపే ప్రతి కొండంత కెరటమూ మొదట ఇలా ముడతగా పుట్టిందే.

మనిషి స్వారీ చేసిన మహా కెరటం

పోర్చుగల్‌లోని నజారే. ప్రాయా దో నోర్తే తీరం. 2020 అక్టోబరు 29న జర్మనీకి చెందిన సెబాస్టియన్ స్టాయిట్నర్ 26.21 మీటర్ల కెరటం మీద జారి గిన్నిస్ రికార్డు కొట్టాడు. తాటిచెట్టు కన్నా 6 మీటర్లు ఎక్కువ! అంత ఎత్తుకు కారణం ఒడ్డు ముందున్న సముద్రగర్భ లోయ. దాని పొడవు 200 కిలోమీటర్లకు పైన, లోతు 5 కిలోమీటర్ల దాకా. లోయ మీదుగా వేగం తగ్గకుండా వచ్చిన కెరటం, పక్కన లోతు తక్కువ నీటిలో నెమ్మదించిన కెరటం ఒకచోట కలిసి ఆకాశానికి లేస్తాయి.

మహిళల్లో మకుటం

బ్రెజిల్ వనిత మాయా గబేరా 2013లో అదే నజారేలో స్పృహ తప్పి మునిగిపోబోయింది. కాలి ఎముక విరిగింది. ఏళ్ల చికిత్స తర్వాత అక్కడికే తిరిగొచ్చింది. 2018లో 20.72 మీటర్లు. 2020 ఫిబ్రవరి 11న 22.4 మీటర్లు. తన రికార్డును తానే 1.68 మీటర్ల తేడాతో దాటింది. ఆ సీజన్‌లో మగవాళ్లలోనూ అంతటి కెరటమెక్కిన వాళ్లు లేరు.

పరికరాలకు చిక్కిన రాకాసి

1995 జనవరి 1. ఉత్తర సముద్రంలో నార్వే వారి డ్రౌప్నర్ చమురు వేదిక. చుట్టూ 12 మీటర్ల స్థాయి అలలు. వాటి నడుమ ఉన్నట్టుండి 25.6 మీటర్ల కెరటం లేచింది. నావికులు తరతరాలుగా చెబుతూ వచ్చిన రాకాసి అలకు పరికరం సాక్ష్యం దొరికిన తొలి రోజు అది. 2020 నవంబరులో కెనడాలోని యుక్లూలెట్ దగ్గర తేలే బోయా మరో వింత నమోదు చేసింది. చుట్టూ 6 మీటర్ల అలలుంటే ఒక్కటి మాత్రం 17.6 మీటర్లు. ఇరుగుపొరుగుకు దాదాపు మూడింతలు!

సగటులో సార్వభౌముడు

ఒక్క అల ఎగరడం వేరు, సముద్రమంతా ఎగరడం వేరు. అలలన్నింటిలో పెద్దవైన మూడోవంతును తీసుకుని కట్టిన సగటునే సముద్రపు సూచనల్లో అల ఎత్తు అంటారు. బోయా కొలిచిన ఈ లెక్కలో ప్రపంచ రికార్డు 19 మీటర్లు. 2013 ఫిబ్రవరి 4న ఐస్‌లాండ్‌కూ బ్రిటన్‌కూ మధ్య నమోదైంది. సగటే తాటిచెట్టంత! విడి అలలు సగటుకు రెట్టింపు దాకా లేవగలవు. సూచనలో 1.5 మీటర్లని ఉంటే 3 మీటర్ల కెరటం కూడా రావచ్చని లెక్క వేసుకోవాలి.

వేగంలో విమానం

2004 డిసెంబరు 26, ఉదయం 6 గంటల 28 నిమిషాలు. సుమత్రా దగ్గర 9.1 తీవ్రతతో సముద్రగర్భం కదిలింది. సుమారు రెండున్నర గంటల్లో సునామీ తెలుగు తీరాన్ని తాకింది. 4,000 మీటర్ల లోతున సునామీ వేగం గంటకు 700 కిలోమీటర్లు దాటుతుంది. 10 మీటర్ల లోతుకొచ్చేసరికి 36 కిలోమీటర్లే. ముందున్న నీళ్లు నెమ్మదించాక వెనకున్నవి మీదికి తోసుకొస్తాయి. నడిసంద్రంలో మీటరుకు మించని ఉబ్బు ఒడ్డున గోడలా లేచేది అందుకే.

పొడవులో పోటీ లేనిది

ఒంటి మీద పడేదాకా తెలియని అలలుంటాయి, ఒంటి మీద పడ్డా తెలియని అలా ఒకటుంది. అదే సముద్రపు పోటు. చంద్రుడు, సూర్యుడు లాగే ఈ అలకు ఒక శిఖరం నుంచి మరో శిఖరానికి దూరం భూమి చుట్టుకొలతలో సగం, సుమారు 20,000 కిలోమీటర్లు. రెండు పోట్ల మధ్య వ్యవధి 12 గంటల 25 నిమిషాలు. కెనడాలోని ఫండీ అఖాతంలో ఆటుపోట్ల తేడా 16 మీటర్లు. విశాఖలో రెండు మీటర్ల లోపే.

నదిలో ఎదురీదే అల

చైనాలోని చియాంతాంగ్ నదిలో పోటు వేళ సముద్రం వెనక్కి తిరిగి నదిలోకి దూకుతుంది. ఎత్తు 9 మీటర్ల దాకా, వేగం గంటకు 40 కిలోమీటర్ల దాకా. నదీ కెరటాల్లో ఇదే రారాజు. ఇండోనేషియాలోని కంపార్ నదిలో బోనో అనే మరో అల ఉంది. 2016లో జేమ్స్ కాటన్ దాని మీద ఏకబిగిన 17.2 కిలోమీటర్లు జారి రికార్డు కొట్టాడు.

ఒడ్డున అతి పొడుగు పరుగు

పెరూ దేశంలోని చికామా ఎడమ వైపుకు విరిగే అలల్లో ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరుపొందింది. కలిసొస్తే రెండు కిలోమీటర్లకు పైగా పరుగు! పెరూ ఈ అలకు చట్టరక్షణ ఇచ్చింది. దాని దారికి అడ్డంగా కట్టడాలు లేపడానికి వీల్లేదు. కెరటాన్ని కాపాడే చట్టం చేసిన తొలి దేశం పెరూయే.

దూరప్రయాణంలో దిట్ట

న్యూజిలాండ్ దక్షిణాన తుపాను లేపిన ఉబ్బెత్తు అలలు ఎక్కడిదాకా వెళ్తాయి? వాల్టర్ మంక్ బృందం పసిఫిక్ పొడవునా కొలత కేంద్రాలు పెట్టి వెంబడించింది. 10,000 కిలోమీటర్లకు పైగా నడిచి అవి అలాస్కా ఒడ్డుకు చేరాయి. భూమధ్యరేఖ దాటాయి. రుతువులు మారాయి. దారిలో పోగొట్టుకున్న శక్తి మాత్రం స్వల్పం. 1963లో మంక్ బృందం చేసిన ప్రయోగమిది.

విశాఖకు ఎదురులేని దక్షిణం

విశాఖ ఒడ్డు నుంచి నేరుగా దక్షిణానికి గీత గీయండి. శ్రీలంక పడమటి వైపుకు తప్పుకుంటుంది. ఆ తర్వాత దీవి లేదు, దిబ్బ లేదు. 9,000 కిలోమీటర్లకు పైగా నీళ్లే. ఆఖరున అంటార్కిటికా! ఆ దారిలో 40 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర హోరుగాలులు ఏడాది పొడవునా వీస్తాయి. అక్కడ పుట్టిన 16 సెకన్ల అలల గుంపు గంటకు 45 కిలోమీటర్ల చొప్పున 6,400 కిలోమీటర్లు నడిచి ఆరు రోజులకు రుషికొండ ఇసుక మీద విరుగుతుంది. గాలి ఊసే లేని రోజున పెద్ద అలలెందుకొస్తాయంటే జవాబు ఇదే.

సెకన్లలో దాగిన సత్తా

రెండు అలల మధ్య వ్యవధి 6 సెకన్లయితే వాటి మధ్య దూరం 56 మీటర్లు, వేగం గంటకు 34 కిలోమీటర్లు. వ్యవధి 16 సెకన్లయితే దూరం 400 మీటర్లు, వేగం 90 కిలోమీటర్లు. లోతైన నీటిలో లెక్క ఇది. వ్యవధి తక్కువంటే దగ్గర గాలి లేపిన గజిబిజి. ఎక్కువంటే దూరం నుంచి వచ్చిన బలం. ఎత్తు రెట్టింపైతే శక్తి నాలుగింతలు. ఘనపు మీటరు ఉప్పునీటి బరువు 1,025 కిలోలు. మీటరు ఎత్తు అల సుమారు 1.3 మీటర్ల లోతు దగ్గర విరుగుతుంది. అంటే పెద్దవాళ్లకు ఛాతీలోతు, పిల్లలకు నిలువులోతు.

అలసట ఎరుగని ఒడ్డు

పది సెకన్లకు ఒకటి చొప్పున లెక్కేస్తే ఒక్కరోజులో ఒడ్డును తాకే అలలు 8,640. రాతి దిబ్బ మీద విరిగే అల చోటు మారదు. ఇసుక తీరంలో అలా కుదరదు. నీటి అడుగున ఇసుకమేటలు కదులుతూనే ఉంటాయి, వాటితోపాటే అల విరిగే చోటూ కదులుతుంది. నిన్న నడుములోతున్న చోట ఇవాళ గుంట ఉండొచ్చు. అందుకే ఇసుక తీరానికి సూచన రోజూ కొత్తగా చూడాలి.

సూచనల్లో సీనియర్

అలలను ముందే లెక్కగట్టే శాస్త్రం ఆటకోసం పుట్టలేదు, యుద్ధంకోసం పుట్టింది. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యాన్ని ఒడ్డుకు దించే చిన్న పడవలు అలలు పెరిగితే బోల్తాపడేవి. వాల్టర్ మంక్, హెరాల్డ్ స్వెర్‌డ్రుప్ కలిసి గాలి వేగం, వీచిన దూరం, వీచిన సమయాలను బట్టి అల ఎత్తు కట్టే పద్ధతి కనిపెట్టారు. 1944 జూన్ 6న నార్మండీ దాడికి ఆ లెక్కలే దారి చూపాయి. ఇవాళ సర్ఫింగ్ కుర్రాళ్లు ఫోన్లో చూసే అంకెలకు మూలపురుషులు వీళ్లే.

ఒడ్డుకు దూరం, సముద్రానికి దగ్గర

దేశానికంతా సముద్రపు సూచనలిచ్చే సంస్థ ఏ రేవులోనూ లేదు. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనున్న హైదరాబాద్‌లో ఉంది. పేరు ఇన్‌కాయిస్. పుట్టింది 1999లో. 2007 అక్టోబరు 15 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం కూడా అక్కడే. అల ఎత్తు, వ్యవధి, దిశ, గాలి, ప్రవాహాలన్నీ రోజుల ముందే చెబుతుంది. విశాఖ, కృష్ణపట్నం, కార్వార్ దగ్గర నీళ్లమీద తేలే దాని బోయాలు అలలను కొలుస్తుంటాయి.

ఆకాశంలో అలల కాపరి

శ్రీహరికోట నుంచి 2022 నవంబరు 26న పీఎస్‌ఎల్‌వీ సీ54 మోసుకెళ్లిన ఈవోఎస్ 06 ఉపగ్రహం సముద్రం మీద గాలి వేగాన్నీ దిశనూ పైనుంచే కొలుస్తుంది. గాలి తెలిస్తే అల తెలిసినట్టే. సముద్రపు ఒడ్డున నిలిచి సముద్రాన్ని కనిపెట్టే కన్నును ఎగరేసిన ఘనత తెలుగు నేలదే.

అఖాతాల్లో అగ్రజుడు

ప్రపంచంలోకెల్లా పెద్ద అఖాతం మన బంగాళాఖాతం. విస్తీర్ణం 20 లక్షల చదరపు కిలోమీటర్లకు పైన. తుపాను బలపడాలంటే నీరు కనీసం 26.5 డిగ్రీలుండాలి. ఇక్కడ ఏడాదిలో చాలా నెలలు అంతకన్నా వేడిగానే ఉంటుంది. ప్రపంచంలో అత్యధిక ప్రాణాలు తీసిన తుపాను కూడా ఇక్కడిదే. 1970 నవంబరులో భోలా తుపాను ఇప్పటి బంగ్లాదేశ్‌లో కనీసం 3 లక్షల మందిని బలిగొంది.

ఉప్పెనల గాయాలు

1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెన సుమారు 30,000 మందిని మింగింది. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఐదు మీటర్ల నీటిగోడ పడింది. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. ప్రపంచ రికార్డు ఉప్పెన 1899 మార్చిలో ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్ బేలో లేచింది. ఎత్తు 13 మీటర్లు. ఐదు మీటర్లకే దివిసీమ అంతగా విలవిల్లాడింది.

గాలిలో గజదొంగలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గంటకు 185 కిలోమీటర్ల వేగంతో విశాఖ నగరం మీదే విరుచుకుపడింది. గాలుల తీవ్రతకు బోఫోర్ట్ కొలమానంలో ఆఖరి మెట్టు 12. అది 118 కిలోమీటర్ల దగ్గరే మొదలవుతుంది. ప్రపంచ రికార్డు గాలి విసురు మాత్రం గంటకు 408 కిలోమీటర్లు. 1996 ఏప్రిల్ 10న ఆస్ట్రేలియాలోని బారో దీవిలో ఒలీవియా తుపానులో నమోదైంది.

పెద్ద తుపాను, చిన్న తుపాను, చిరంజీవి తుపాను

1979లో పసిఫిక్‌లో లేచిన టిప్ తుపాను గాలుల వెడల్పు 2,220 కిలోమీటర్లు. కేంద్ర పీడనం 870 మిల్లీబార్లు, ప్రపంచంలోనే అత్యల్పం. 2008లో మెక్సికో దగ్గర పుట్టిన మార్కో గాలుల వ్యాసార్ధం 18.5 కిలోమీటర్లే. ఇక 2023లో ఆస్ట్రేలియా దగ్గర మొదలైన ఫ్రెడ్డీ 36 రోజులు బతికింది. హిందూ మహాసముద్రాన్ని అడ్డంగా దాటి, 12,785 కిలోమీటర్లు నడిచి, ఆఫ్రికా తీరాన్ని రెండుసార్లు కుమ్మింది.

ఒక్కరోజు వానలో ఒకటో స్థానం

1966 జనవరి 7, 8 తేదీల్లో డెనిస్ తుపాను వేళ రీయూనియన్ దీవిలోని ఫోక్ ఫోక్‌లో 24 గంటల్లో 1,825 మిల్లీమీటర్ల వాన పడింది. బళ్లారిలో మూడేళ్లు కురిసే వాన అది, ఒక్కరోజులో! మన అక్టోబరు, నవంబరు ముసురుల్లోనూ బంగాళాఖాతం వాయుగుండాల వాటా ఉంటుంది. సముద్రం 250 కిలోమీటర్ల అవతలున్నా దాని వాతావరణం గాంధీనగర్ గడప దాకా వస్తుంది.

అంకెల్లో అతి భయంకరం

మచిలీపట్నం, కాకినాడ, విశాఖ రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు 1 నుంచి 11 దాకా ఉన్నాయి. ఒకటి, రెండు దూరపు ముప్పును చెబుతాయి. 8, 9, 10 అంటే మహా ప్రమాదం. ఆఖరి 11 అన్నింటికన్నా గడ్డుది. హెచ్చరిక కేంద్రంతోనే సంబంధాలు తెగిపోయాయని దానర్థం. తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. మిగతా రోజుల్లో ఈ నంబర్లే మత్స్యకారుడి పంచాంగం.

మేకు లేని మేటి పడవ

కోరమండల్ తీరపు కెరటాలను దాటడానికి మన వాళ్లు చేసిన మొనగాడు మసూలా పడవ. ఒక్క ఇనుప మేకు ఉండదు. పలకలన్నీ కొబ్బరి పీచు తాడుతో కుట్టినవే. అల కొట్టినా పగలదు, వంగి సర్దుకుంటుంది. మద్రాసుకు రేవు కట్టక ముందు నడిసంద్రంలో ఆగిన ఓడల నుంచి మనుషుల్నీ సరుకునూ ఒడ్డుకు చేర్చింది ఇవే.

ఆటలో చక్రవర్తులు

అమెరికా వీరుడు కెల్లీ స్లేటర్‌వి 11 ప్రపంచ టైటిళ్లు. మొదటిది 20 ఏళ్లకు, చివరిది 39 ఏళ్లకు. ఆస్ట్రేలియా వనిత స్టెఫనీ గిల్మోర్‌వి 8. ఒకే కెరటం మీద అత్యధికులు 110 మంది. 2009 అక్టోబరు 4న కేప్‌టౌన్‌లో నిలిచారు. ఒకే పలక మీద 66 మంది. 2015లో కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ బీచ్‌లో ఎక్కారు. ఆ పలక పొడవు 12.8 మీటర్లు.

సూచన మార్చిన ఒలింపిక్స్

టోక్యో ఒలింపిక్స్‌తో సర్ఫింగ్ తొలిసారి పతకాల ఆటయింది. వేదిక త్సురిగసాకి ఇసుక తీరం. 2021 జులైలో తుపాను వస్తోందన్న సూచన చూసి ఫైనల్స్‌ను ఒకరోజు ముందుకు జరిపారు. ఆ తుపాను అలల మీదే బ్రెజిల్ కుర్రాడు ఇటాలో ఫెరేరా, మొదటి అలకే పలక విరిగినా, తొలి స్వర్ణం కొట్టాడు. పారిస్ పోటీలైతే 15,700 కిలోమీటర్ల అవతలి తాహితీలో జరిగాయి. ఆతిథ్య నగరానికి అంత దూరంలో మరే ఒలింపిక్ పతకమూ ఇవ్వలేదు.

కన్నడ తీరం కానుక

దేశంలో తొలి సర్ఫింగ్ క్లబ్ 2004లో వెలసింది మన కర్ణాటకలోని ముల్కిలోనే. ఇండియన్ ఓపెన్ పోటీలు 2016లో మొదలైందీ పక్కనే ఉన్న ససిహిత్లు తీరంలో. 2025 ఆగస్టులో మహాబలిపురంలో జరిగిన ఆసియా పోటీల్లో రమేశ్ బుడిహాళ్ కాంస్యం గెలిచాడు. ఆ పోటీల్లో భారత్‌కు తొలి వ్యక్తిగత పతకం అది. 2020లో దేశంలో తొలి ఎనిమిది బ్లూఫ్లాగ్ తీరాల్లో కర్ణాటకవి రెండు, కాసరకోడు, పడుబిద్రి. ఆంధ్రది ఒకటి, రుషికొండ.

సముద్రం లేని ఊళ్ల సంబరం

జర్మనీలోని మ్యూనిక్ సముద్రమట్టానికి సుమారు 520 మీటర్ల ఎత్తులో ఉంది. సముద్రం 300 కిలోమీటర్ల అవతల. ఇంచుమించు బళ్లారి లెక్కలే! అయినా ఊరి నడుమ ఐస్‌బాఖ్ కాలువలో నిలిచి ఉండే మీటరు అల మీద 1970ల నుంచి కుర్రాళ్లు సర్ఫింగ్ చేస్తూ వచ్చారు. మనకు దగ్గరి పెద్ద నీళ్లు తుంగభద్ర జలాశయం. విస్తీర్ణం 378 చదరపు కిలోమీటర్లు. గాలి ఎంత వీచినా పరుగుకు చోటు చాలక అక్కడ సముద్రపు కెరటం లేవదు.

ఈతగాళ్లను ఓడించే నీళ్లు

ఒడ్డుకొచ్చిన నీరంతా ఇసుకమేటల సందుల్లోంచి సముద్రంలోకి తిరిగి దూసుకెళ్తుంది. దాని వేగం ఒక్కోసారి సెకనుకు 2.5 మీటర్లు. 50 మీటర్ల ఈతలో ప్రపంచ మేటి వేగం సెకనుకు సుమారు 2.4 మీటర్లే. ఒలింపిక్ విజేత కూడా దానికి ఎదురీది గెలవలేడు. పైగా అక్కడ అలలు తక్కువగా విరుగుతాయి కాబట్టి ప్రశాంతంగా కనిపించి మోసం చేస్తుంది. చిక్కుకుంటే కంగారు పడొద్దు. ఎదురీదొద్దు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డు వైపు తిరగాలి. ఈదలేకపోతే తేలుతూ చెయ్యెత్తి పిలవాలి.

బయల్దేరే ముందు

గోకర్ణానికైనా విశాఖకైనా టికెట్ తీసేముందు ఇన్‌కాయిస్ సూచనలో అల ఎత్తు, వ్యవధి, గాలి దిశ చూడండి. వాతావరణ శాఖ హెచ్చరిక రంగులు చూడండి. నారింజ, ఎరుపు రంగులుంటే నీళ్లలోకి దిగొద్దు. ఎత్తు తక్కువే ఉన్నా వ్యవధి 14 సెకన్లు దాటితే పిల్లల్ని పొడి ఇసుక మీదే ఆడించండి. ఒడ్డున జాలర్లు దిగొద్దంటే ఆ మాటే ఆఖరి మాట. అంకెలు చూడటానికి రెండు నిమిషాలు చాలు. దయచేసి ఆ రెండు నిమిషాలు కేటాయించండి.